పాత వెర్షన్ కోసం తీసిన కొమ్మ

నేను ఒక కొమ్మను. రక్తనిధుల కోసం రాసిన ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి చీల్చిన కోడ్ కొమ్మను. అసలు కోడ్‌ను కదపకుండా మార్పులు చేసుకోవడానికి తీసే విడి ప్రతిని నన్ను చూసుకున్నవాళ్లు బ్రాంచ్ అనేవారు. ఏ సంచిలో ఏ గ్రూపు రక్తం ఉందో, దాని గడువు ఎప్పుడు తీరుతుందో ఆ సాఫ్ట్‌వేర్ చెబుతుంది. విజయనగరంలో భానుజ దాన్ని మొదలుపెట్టింది. కడప నుంచి తౌఫీక్ చేయి కలిపాడు. ఇద్దరికీ జీతం లేదు.

విడుదల చేసిన ప్రతి వెర్షన్‌కూ ఒక కొమ్మ తీసి, అందులో మరమ్మతులు మాత్రమే చేద్దామని తౌఫీక్ మొదటినుంచీ పట్టుబట్టాడు.

"ఉన్నది ఇద్దరం. ఒక్కదానికే దిక్కు లేదు, రెండోది ఎవరు చూస్తారు?" అని భానుజ కొట్టిపారేసేది. దిద్దినవీ, సగం రాసినవీ అన్నీ ఒకే చోట కలిసిపోయేవి.

ఒక మధ్యాహ్నం, మన్యం అంచున ఉన్న చిన్న ఆసుపత్రి నుంచి ల్యాబ్ టెక్నీషియన్ పైడితల్లి ఫోన్ చేసింది.

"అమ్మా, గడువైపోయిన సంచుల్ని మంచివని సూపిస్తంది. కొత్త వెర్షనెక్కిస్తే మా కంప్యూటరు తెరుసుకోడం నేదు. కాన్పు కేసు బల్ల మీదుంది. ఏ సంచి తియ్యమంతారు?"

ఆ తప్పును భానుజ కొత్త వెర్షన్‌లో ఎప్పుడో దిద్దింది. ఆ వెర్షనేమో పాత యంత్రాల మీద నడవదు. "తెరను నమ్మకండి, సంచి మీద తేదీ చూడండి" అని మాత్రం అనగలిగింది. వెంటనే తౌఫీక్‌కు ఫోన్ చేసి ఏడ్చేసింది.

"ఏడ్సొద్దక్కా. పాత వెర్షన్ కాడ్నుంచి కొమ్మ తీస్తాండా. ఆ ఒక్క దిద్దుబాటు తెచ్చి దాంట్లో పెట్టు."

అలా పుట్టాను. సంచి మీద తేదీ చూసి రక్తం ఎక్కించారు, కాన్పుకొచ్చిన ఆ తల్లి బతికింది.

పాత కంప్యూటర్లున్న ఆసుపత్రులన్నీ నా దగ్గరికే వచ్చాయి. అందరూ నన్ను వాడుకున్నారు, ఆలస్యమైతే తిట్టారు. ఒక్క వరుస కోడ్ రాసిపెట్టినవాళ్లు లేరు. ప్రతి మరమ్మతూ కొత్త వెర్షన్‌లో ఒకసారి, నాలో ఒకసారి చేసీ చేసీ తౌఫీక్ అలసిపోయాడు. "నాతో కాదక్కా" అని తప్పుకున్నాడు. ఒంటరిగా మిగిలిన భానుజ ఒకచోట దిద్దింది మరోచోట మరిచిపోసాగింది. అలా ఎవరి ప్రాణం మీదికి తెస్తానోనని ఆమెకు నిద్ర పట్టేది కాదు. చివరికి నాలో మరమ్మతులు ఆపేయాలని నిర్ణయించి పైడితల్లికి చెప్పింది.

"కొత్త కంప్యూటరు అడగండమ్మా."

"అడుగుతానే ఉన్నాం. ఇస్తారేటి?"

భానుజ నాకు తాళం వేసింది. ఇప్పుడు నన్ను ఎవరైనా చదవవచ్చు, ఆమె తాళం తీస్తే తప్ప ఎవరూ మార్చలేరు.

నిన్న పైడితల్లి నుంచి సందేశం వచ్చింది: రక్తం గ్రూపుల పట్టీ తెరుచుకోవడం లేదట. భానుజ నన్ను తెరిచి, తప్పున్న వరుస దాకా వచ్చి ఆగిపోయింది. జవాబు రాసి చెరిపింది. మళ్లీ రాసి చెరిపింది. కడకు "క్షమించండి" అని పంపి, తెర మూసేసింది.

ఆ ఆసుపత్రిలో నేనింకా నడుస్తూనే ఉన్నాను.