బాకీపడ్డ పాట

పెదవులు మాత్రమే కదిపితే దేవుడికి వినపడుతుందా అన్న అనుమానం నాకు ఏళ్ల తరబడి ఉంది. కాన్పు కష్టమైన రోజు, బిడ్డ దక్కితే నీ ముందు గొంతెత్తి పాడతానని మొక్కుకున్నాను. అంతకంటే కష్టమైన పని అప్పుడు నాకు తోచలేదు. బిడ్డ దక్కింది. పాట బాకీ ఉండిపోయింది.

నిన్న సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మా అమ్మాయి ఫోను చూసి పడీపడీ నవ్వింది. నాకూ ఆ వీడియో చూపించింది. వాళ్ల క్లాసులో నత్తి ఉన్న పిల్ల పాఠం చదవబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. వెనకాల స్టార్టవని స్కూటరు చప్పుడు. ఆ చప్పుడు అతికించింది మా అమ్మాయే.

"దాని పేరు మొండిబండి. క్లాసు గ్రూపులో అందరూ చూశారు. పాపం, బడికే రావట్లేదు."

"ఎందుకే అలా చేశావు?"

"సరదాకేనమ్మా. అంత పట్టించుకుంటే ఎలా?"

ఆ మాట ఈ ఇంట్లో నేను ముందే విన్నాను. తిట్టబోయి ఆగాను. తన చిన్నప్పటి నుంచి మాకో అలవాటు. మడతలు పెడుతూ కథ నేను మొదలుపెడతాను, ముగింపు తను చెప్పాలి.

"ఒక కొత్త కోడలు వంట చేస్తూ దేవుడి పాట పాడుకునేది. శ్రుతి ఉండేది కాదు. దేవుడేం అభ్యంతరం చెప్పలేదు. ఒకరోజు మొగుడు తలుపు చాటునుంచి అది రికార్డు చేసి, చుట్టాలంతా భోంచేస్తుంటే వినిపించాడు. అత్తగారికి నవ్వీ నవ్వీ పొలమారింది. పరిగెత్తి మంచినీళ్లిచ్చింది కూడా ఆ కోడలే. అప్పట్నుంచి ఇంక పాడలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు."

సోఫాలో మా ఆయన పేపరు తిప్పడం మానేశారు. అమ్మాయి చేతిలో చొక్కా సగం మడతలోనే ఉంది.

"నువ్వు పాడగా నేనెప్పుడూ వినలేదమ్మా," అంది మెల్లగా.

"ఏదో సరదాకి..." అన్నారాయన. కూతురు తనవైపు చూసేసరికి మిగతా మాట మింగేశారు.

"ముగింపు రావట్లేదు నాకు," అంటూ అమ్మాయి ఫోను తీసుకుంది. ఆ వీడియో తీసేసి, చప్పుడు అతికించింది తనేనని, తప్పయిందని గ్రూపులో రాసింది. "రేపు వాళ్లింటికెళ్తాను. నువ్వూ రావా?"

"వస్తాను. మాట్లాడేది మాత్రం నువ్వే."

తెల్లారి దీపం వెలిగించాను. ఆయన పక్కగదిలోనే ఉన్నారు. ఎప్పుడూ దగ్గరగా వేసుకునే తలుపు బార్లా తీసి, గొంతెత్తాను. శ్రుతి కుదరలేదు. ఆఖరి చరణం దాకా పాడి, మొక్కు చెల్లించుకున్నాను.