వంతెన దాటే కప్పు

నేను ఒక కప్పును. ఈ మాట వినగానే మీకు టీ గుర్తొస్తే తప్పు మీది కాదు. కానీ నాలో ఇంతవరకు ఎవరూ టీ పోయలేదు. గెలిచిన సంబరంలో ఒకసారి సోడా పోశారు, ఇంకోసారి పుట్నాలు పోశారు. నా కడుపు ఎరిగిన తిండి అంతే. నా కోసం మాత్రం ముక్కులు పగిలాయి, స్నేహాలు చెడ్డాయి, ఒక పెళ్లి వాయిదా పడింది. పెళ్లికొడుకు గోల్‌కీపరు మరి.

నేను బొగ్గుబాయి వర్క్‌షాపులో పుట్టాను. పంపుల్లో అరిగిపోయిన ఇత్తడి బుష్షులు కరిగించి దుర్గం పోశం అనే ఫిట్టరు నన్ను పోతపోశాడు. తెల్లారితే మ్యాచు కావడంతో తొందరలో నా ఎడమ చెవి కాస్త కిందికి దిగింది.

"ఏందే పోశన్నా, గిది వంకరున్నది?" అని ఎవరో అడిగారు.

"గెలిచినోడు సంబురంల చూడడు, ఓడినోడు ఏడుపుల చూడడు. ఇంకెవలు చూస్తరు తియ్యి!" అన్నాడు పోశం. ఆయన అన్నట్టే ఎవరూ చూడలేదు.

గోదావరికి ఈ ఒడ్డున నల్లగడ్డ, ఆ ఒడ్డున తాళ్లగూడ. రెండూ బొగ్గు ఊళ్లే. చెరో డిగ్రీ కాలేజీ, చెరో ఫుట్‌బాల్ జట్టు. రెండు కాలేజీలూ ఒకే యూనివర్సిటీ కింద, ఒకే జోనులో ఉండేవి కాబట్టి ఏటా చలికాలంలో తలపడక తప్పేది కాదు. ఆ మ్యాచులో గెలిచిన ఒడ్డు నాది. నేనున్న జట్టు ఓడిపోతే దాని కెప్టెన్ నన్ను నెత్తిన పెట్టుకుని, డప్పుల మధ్య, తిట్ల పాటల మధ్య వంతెన నడిమి దాకా మోసుకొచ్చి అవతలివాళ్లకు అప్పగించాలి. అక్కడి నుంచి గెలిచినవాళ్ల నెత్తి మీద నా ఊరేగింపు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. అందుకే ఎవరూ తప్పలేదు.

నాకు ఆ నడక ఇష్టం. కింద నది, పైన ఎగిరే టవళ్లు, ఇరుపక్కలా అరుపులు. ఒకచోట కుదురుగా ఉండటం నా వల్ల కాదు. కదలకపోతే ఇత్తడికి చిలుము పడుతుంది.

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నాకు ఇంకో ప్రయాణం. నల్లగడ్డ కాలేజీలో ఆటలు నేర్పే పీడీ బొయిని ఓదెలు నన్ను గోనెసంచిలో చుట్టి, మోటార్ సైకిలుకు కట్టి, మంచి ఆటగాళ్ల ఇళ్లకు తీసుకెళ్లేవాడు. పెళ్లిచూపుల్లో పిల్ల నగలు చూపించినట్టు నన్ను చూపించేవాడు. "మా కాలేజీల చేరు బిడ్డా, గిది నీ నెత్తి మీదుంటది" అనేవాడు. నేను అవతలి ఒడ్డున ఉన్న ఏడు, తాళ్లగూడ పీడీ మేకల సారయ్య కూడా ఇదే వేషం వేసేవాడు. పోరగాళ్లు ఎగబడి చేరేవాళ్లు.

తర్వాత జిల్లాలు చీలాయి, యూనివర్సిటీల హద్దులు మారాయి. నది అవతల ఉన్న తాళ్లగూడ వేరే యూనివర్సిటీకి పోయింది. అక్కడెక్కడో మ్యాపు మీద గీత గీసినవాళ్లకు కింద ఒక మ్యాచు ఉందని తెలియదు. అప్పటికి నేను నల్లగడ్డలో ఉన్నాను. ఓదెలు గదిలో, అర మీద, అలాగే ఉండిపోయాను.

కొత్త జోనులో నల్లగడ్డకు పట్నం కాలేజీలు ఎదురయ్యాయి. మొదటి మ్యాచుకు వాళ్లు ఏసీ బస్సులో దిగారు. గ్రౌండు బయట మిర్చి బజ్జీలు వేసే ఎల్లవ్వ ఎప్పటిలాగే పిండి కలుపుకొని కూర్చుంది. సగం పిండి మిగిలిపోయింది.

"ఎవలతోని బిడ్డా ఆట?" అని ఓదెలును అడిగింది.

"పట్నపోళ్లతోని అవ్వా."

"వాళ్లతోని మనకేం పగ? గందుకే ఎవలు రాలే!"

పెద్ద పెద్ద మీటింగుల్లో తేలని సంగతి ఎల్లవ్వ బాండీ ముందు తేలిపోయింది. చూసే జనం పోయారు. జనం పోయాక ఆటగాళ్లూ పోయారు. నలుగురూ చూడని ఆట ఆడటానికి ఎవడు చేరతాడు? మంచివాళ్లంతా హాస్టలూ బూట్లూ ఇచ్చే పట్నం కాలేజీలకు రైలెక్కారు. ప్రిన్సిపాల్ ఓదెలును పిలిచి చెప్పేశాడు: "ఆడేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. ఈ సంవత్సరం కూడా ఇంతే అయితే టీమ్ తీసేద్దాం. గ్రౌండులో కొత్త బిల్డింగ్ వేసుకుందాం."

అదే వేసవిలో ఓదెలు చెవిన ఒక పేరు పడింది. రామిళ్ల సంపత్. నది ఇవతలి బాయి కాలనీ పిల్లవాడు, ఎడమకాలి ఆటగాడు. ఆ కాలికి బంతి దొరికితే కీపరు దేవుణ్ణి తలుచుకోవాల్సిందేనట. కానీ పట్నం కాలేజీ వాళ్లు టికెట్టు కూడా పంపారు. సాయంత్రం రైలు. ఆ సాయంత్రంతోనే ఇక్కడి కాలేజీల్లో అడ్మిషన్లు బంద్.

ఓదెలు నన్ను గోనెసంచిలో తోసి బండి ఎక్కాడు. గుంతల్లో నా చెవులు టకటకలాడాయి. బొగ్గు లారీల మధ్య ఆయన తోలిన తోలుడుకు నేను మళ్లీ కరిగి బుష్షునవుతాననుకున్నాను. తీరా వెళితే అక్కడ సారయ్య ముందే కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏం సారయ్యా, యూనివర్సిటీ మారింది గని బుద్ధి మారలే?" అన్నాడు ఓదెలు.

"నువ్వు దేవుణ్ణి సంచిల కట్టుకొచ్చినవ్, నేను ఉత్త చేతులతోని వచ్చిన. భయమెవలకున్నదో పోరడే చెప్తడు."

గుమ్మం దగ్గర సర్దిన బ్యాగు ఉంది. సంపత్ గోనెసంచి విప్పి నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. నా వంకర చెవిని బొటనవేలితో రుద్దాడు.

"గిది మా బాపు భుజాల మీద కూసోని వంతెన మీద చూసిన సార్. మల్ల గా మ్యాచు ఎప్పుడు?"

ఇద్దరు పీడీలూ గోడలకేసి చూశారు.

"జోన్లు వేరాయె కదరా" అని సారయ్య గొణిగాడు.

"అంటె మీ ఇద్దర్ల ఎవలకాడ చేరినా ముక్కు మొఖం తెల్వనోళ్లతోని, ఎవలు చూడంగ ఆడుడు? గాదానికి పట్నం పోతె బూట్లన్న వస్తయి."

అతని తల్లి లచ్చవ్వ కొంగు సర్దుకుంది. "చెప్పుండ్రి సార్లూ. పోరడు అడిగినదాంట్ల తప్పున్నదా?"

తప్పు లేదు. ఓదెలు సారయ్య రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. నన్ను బండి సీటు మీద పెట్టాడు.

"మనమే పెట్టుకుందాం మ్యాచు. జోను లేదు గీను లేదు. రెండు కాలేజీలు, ఒక బంతి. పగ పెట్టుకునేతందుకు యూనివర్సిటీ పర్మిషన్ గావాల్నా?"

సారయ్య వెంటనే ఒప్పుకుంటాడనుకున్నాను. ఆయన మాత్రం చెప్పు కొనతో మట్టి గీకాడు.

"నాకు పది మందే ఉన్నరు ఓదెలు. పోయినేడు జోనుకు పోనేలే. పోరగాళ్లకు విషజ్వరాలని రాసి పంపిన. ఈ పోరడు దొరకకపోతే మా టీము సుత బంద్."

ఓదెలు దగ్గర సరిగ్గా పదకొండు మంది ఉన్నారు. సంపత్ వస్తే గెలిచే జట్టే. కానీ అవతల పది మంది. గెలవడానికి అవతల జట్టేది?  ఓదెలు నా మూతి మీద దుమ్ము తుడిచాడు. దూరంగా రైలు కూత వినిపించింది. గూడ్సు బండే, అయినా ఆయన ఉలిక్కిపడి లోపలికి నడిచాడు.

"బిడ్డా, నువ్వు తాళ్లగూడల చేరు."

లచ్చవ్వ చేతిలో గ్లాసు అలాగే ఆగింది.

"కప్పు మీ కాడ పెట్టుకోని నన్ను ఆడికి తోలుతరేంది సార్?"

"నా కాడున్నది గుంజుకపోతందుకు మొగోడొకడు అవుతల ఉండాలె గదరా. గుంజుకపో చూద్దాం!"

సంపత్ నవ్వాడు. బ్యాగు భుజాన వేసుకుని సారయ్య బండి ఎక్కాడు. ఆఫీసు మూసేలోగా వంతెన దాటాలని సారయ్య గేరు మార్చిన చప్పుడు కాలనీ చివరిదాకా వినిపించింది.

నల్లగడ్డలో మాత్రం అగ్గి పుట్టింది. "మన గోలుకు మీరే తొవ్వ చూపిచ్చిండ్రా సార్?" అని కెప్టెన్ నరేశ్ నిలదీశాడు. జట్టు ఆయనతో మాట్లాడటం మానేసి, ఆ కోపంతో రోజూ పొద్దున్నే పరుగు మొదలుపెట్టింది. ఓదెలుకు కావలసిందీ అదే.

చలికాలం వచ్చింది. పోస్టర్లు లేవు, చీఫ్ గెస్టు లేడు. అయినా అవతలి ఒడ్డు జనం వంతెన మీద నుంచి గుంపులు గుంపులుగా దిగారు. ఫస్ట్ షిఫ్టు దిగిన కార్మికులు మసి కడుక్కోకుండానే వచ్చి నిలబడ్డారు. ప్రిన్సిపాల్‌కు కుర్చీ దొరకలేదు. ఎల్లవ్వ పిండి సగం ఆటకే అయిపోయింది.

నేను టేబులు మీది నుంచి అంతా చూశాను. నల్లగడ్డ ముందు గోలు కొట్టింది. తాళ్లగూడ సమం చేసింది. ఆట ముగింపులో బంతి సంపత్ ఎడమకాలికి దొరికింది. "ముయ్యిరా, గా దిక్కు ముయ్యి!" అని ఓదెలు గీత పొడుగునా పరిగెత్తాడు. ఎవరూ మూయలేకపోయారు. వల ఊగింది. ఓదెలు టోపీ తీసి నేలకు కొట్టాడు. ఆ కోపంలో నటన లేదు. సంపత్‌ను అవతలికి ఇచ్చింది తనేనని ఆ క్షణంలో ఆయనకు గుర్తులేదు.

ప్రిన్సిపాల్ దగ్గరికొచ్చాడు. "ఓడిపోయాం కదండీ ఓదెలు గారూ?"

"ఓడినం సార్. వచ్చేయేడు ఇంతకు రెట్టింపు వస్తరు. కుర్చీ ముందుగాల ఏసి పెట్టిస్త."

బిల్డింగు మాట ప్రిన్సిపాల్ మళ్లీ ఎత్తలేదు. నరేశ్ నన్ను నెత్తికెత్తుకున్నాడు. అతని కన్నీళ్లు చెంపల మీద జారుతుంటే, అవతలివాళ్ల తిట్ల పాటలు వింటూ వంతెన ఎక్కాను.

ఇప్పుడు తాళ్లగూడలో ఉన్నాను. మొన్న ఓదెలు వచ్చాడు.

"ఒక పోరణ్ణి చూసొచ్చిన, గోలు కాడ అడ్డం నిలిచెటోడు, మంచి స్టాపరు. కప్పు ఒక్క పూట ఇయ్యి సారయ్యా, చూపిచ్చి తెస్త."

"గెలిచి తీసుకపో."

ఉత్త చేతులతో పోయాడు. పోతే పోయాడు, ఊరుకున్నాడా? ఆ పిల్లవాణ్ణి తన గదికి తీసుకెళ్లి ఖాళీ అర చూపించాడట. "గీడ ఉండాలె అది. తెచ్చుడు నీ పని" అన్నాడట. పిల్లవాడు అప్పటికప్పుడు ఫారం అడిగాడని సంపత్ ఇక్కడ అందరికీ చెబుతున్నాడు. చెబుతూనే బూట్ల లేసులు బిగిస్తున్నాడు. ఈ మధ్య ప్రాక్టీసుకు అందరికంటే ముందు వస్తున్నాడు.

మనుషులు విచిత్రమైనవాళ్లు. కళ్లముందున్న నన్ను చూసి చేరినవాళ్లకంటే, నేను లేని చోటును చూసి చేరినవాడికే పట్టుదల ఎక్కువ. వాడి పేరు నాకింకా తెలియదు. వాడు నన్ను నెత్తిన పెట్టుకుంటాడో, సంపత్ అడ్డం పడతాడో తెలియదు. సారయ్య నన్ను తోమించి, కొత్త బీరువాలో పెట్టి తాళం వేశాడు. నాకు మాత్రం బీరువాలో కాలు నిలవడం లేదు.