బెదిరిన ఈస్టు

కుళాయమ్మ అన్నది ఆమెకు అత్తగారు పెట్టిన పేరు. కంచం తినేముందు కడుగుతుంది, తిన్నాక కడుగుతుంది, ఎవరూ తినకపోయినా కడుగుతుంది. "మా కోడలికి బొడ్డు కోసింది మంత్రసాని కాదు, ప్లంబరు," అని అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది.

పిల్లలు ఎదిగాక కుళాయమ్మ తన పాత చదువుకు పట్టిన దుమ్ము దులిపి ఒక ప్రయోగశాలలో చేరింది. చేరిందనడం కాస్త ఎక్కువే. అక్కడి మేడం ఆమె సర్టిఫికెట్లనూ, వాటి మీది తేదీలనూ మార్చి మార్చి చూసి, "కొన్నాళ్ళు చేసి చూడండి. ఫోటోలు బాగా వస్తే ఉందురుగాని," అంది. రాకపోతే ఏమిటన్నది ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఫోటోలంటే ఈస్టు కణాలవి. రొట్టెపిండిని పొంగించే ఈస్టే. ఆ కణం పక్కన చిన్న మొగ్గ తొడుగుతుంది. మొగ్గ పెరిగి, విడిపోయి, తనూ ఒక కణమవుతుంది. అది పెరగడానికి కావలసిన సరుకంతా తల్లి కణంలోంచే వెళ్ళాలి. సరుకు నడిచే దారాలు యాక్టిన్ అనే ప్రోటీనువి. కణానికి పరంజా అదే, రోడ్డూ అదే. మనిషి కణాల్లో ఉన్నదీ దాదాపు ఆ యాక్టినే. కాకపోతే మనిషిని ఫ్లాస్కులో పెంచడం కష్టం. యాక్టిన్‌కు అంటుకునే ఎర్రరంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, పెరుగుతున్న కణంలో ఎర్ర చుక్కలన్నీ మొగ్గలోనే గుమిగూడి ఉంటాయి, దారాలన్నీ అటే సాగి ఉంటాయి. తల్లి ప్రాణం ఎక్కడైనా అంతే.

మేడం ఒక జన్యువు తీసేసిన ఈస్టును ఆమె చేతికిచ్చింది. జన్యువు లేకపోతే యాక్టిన్ చెదురుతుందా లేదా అన్నది మామూలు ఈస్టు పక్కన పెట్టి చూపించాలి. చెదిరింది. సంతోషమే. కానీ మామూలు ఈస్టులోనూ చెదిరింది. ఎన్నిసార్లు చేసినా రెండింటిలోనూ చుక్కలు బడి వదిలిన పిల్లల్లా తలో దిక్కుకూ పోయి ఉండేవి.

"అక్కా, మీవి రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. లేబుళ్ళు తారుమారు కాలేదు కదా?" అంది పక్క బల్ల దగ్గర పనిచేసే పొడుగమ్మాయి.

"లేబుళ్ళు కూడా కడిగేశానంటావా ఏంటి?"

"ఏమో, మీరు కడిగినా కడుగుతారు."

మేడం చూసి, "మామూలుదే ఇలా ఉంటే తేడా ఎక్కడని వెతుకుతామండీ? సరే, మీటింగులో చూద్దాం," అంది. ఆ 'చూద్దాం' కుళాయమ్మకు బాగా తెలుసు. పిల్లలు కుక్కపిల్ల కావాలన్నప్పుడు తను అనేదీ అదే.

ఆ సాయంత్రం అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. "ఉద్యోగం ఊడేట్టుందా?"

"ఊడటానికి ఇంకా ఉద్యోగమే కాదు కదా అత్తయ్యా."

"అక్కడ ఏం చేస్తావో చెప్పు. అర్థం కాకపోయినా వింటా. ఈ సీరియలూ అలాగే చూస్తున్నా."

కుళాయమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "ఫ్లాస్కులోంచి ఈస్టు తీస్తాను. అంతసేపూ తినీ తినీ మురికి చేసిన నీళ్ళలోనే ఉంటాయా, అందుకని చల్లటి నీళ్ళతో బాగా కడుగుతాను. కడగమని ఎవరూ చెప్పలేదులెండి, నాకే మనసొప్పక. ఆ తర్వాత ఫార్మాలిన్ పోస్తే అవి చచ్చి ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అంటే..." ఆమె ఆగిపోయింది. "అంటే నేను వాటిని బతికుండగానే కడుగుతున్నాను."

అత్తగారు అప్పటికే నిద్రలోకి జారుకుంది.

మర్నాడు ఆమె చేతులు కట్టేసుకున్నంత పనిచేసి, ఫార్మాలిన్‌ను తిన్నగా ఫ్లాస్కులోనే పోసింది. కడగడం ఆ తర్వాతే. మైక్రోస్కోపులో మామూలు ఈస్టు ముచ్చటగా కనిపించింది. చుక్కలన్నీ మొగ్గల్లోనే ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని రెండో ఈస్టు చూసింది. అదీ అంతే ముచ్చటగా ఉంది. ఇప్పుడు రెండూ ఆరోగ్యంగా ఉన్న కవలలు. పాత ఫోటోలన్నీ చన్నీళ్ళకు బెదిరిన కణాలవని తేలింది. కొత్తవాటిలో తేడాయే లేదు. మేడంకు చూపించడానికి ఇక మిగిలింది తన మొహం ఒక్కటే.

ఇంటికి పోదామని సంచీ భుజాన వేసుకుంది కూడా. కానీ బెదిరిన పిల్లను అలా వదిలేసి లేచిపోవడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. సంచీ దించి, రెండు ఈస్టులనూ ఈసారి కావాలనే చన్నీళ్ళతో కడిగింది. తిరిగి వెచ్చటి తిండిలో వేసి, కుదుటపడేందుకు కొంతసేపు వదిలి, అప్పుడు ఫార్మాలిన్ పోసి బిగించింది. మామూలు ఈస్టులో చుక్కలు మళ్ళీ మొగ్గల్లోకి చేరుకున్నాయి. జన్యువు లేనిదానిలో మాత్రం అన్నీ ఎక్కడివక్కడే చెల్లాచెదురుగా ఉండిపోయాయి. నమ్మకం కుదరక మళ్ళీ చేసింది. మళ్ళీ అదే వచ్చింది.

మీటింగులో అంతా వరసగా చెప్పేసింది, కడగడంతో సహా. పొడుగమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేడం నవ్వలేదు. చివరి ఫోటోల దగ్గర కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"అయితే ఈ జన్యువు పని బెదురు పోగొట్టడమన్నమాట."

"అలాగే ఉందండీ. ఇంకా చాలాసార్లు చేసి చూడాలి."

"చూడాలి. ఫ్రీజరులో ఇలాంటివి ఇంకా చాలా రకాలున్నాయి. అన్నింటినీ పద్ధతిగా బెదరగొట్టాలి. చేస్తారా?"

"రోజూ అయితే సింకు పక్క బల్ల ఇప్పించండి."

"ఏ బల్లయినా తీసుకోండి. ముందు ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టి రండి. లోపలికి రావడానికి కార్డిస్తారు."

కుళాయమ్మ వెంటనే వెళ్ళలేదు. ఫ్రీజరులోంచి కొత్త ఈస్టులు తీసి, ఫ్లాస్కుల్లో తిండి పోసి, వాటిని వేసి, ఊపే యంత్రం మీద పెట్టింది. లోపల నీళ్ళింకా తేటగా ఉన్నాయి. రేపు పొద్దుటికి మబ్బు పట్టినట్టు చిక్కబడతాయి. అప్పుడు ఆఫీసుకు బయల్దేరింది.