విడతల బటన్

మేము ఆసుపత్రుల దుప్పట్లు ఉతుకుతాం. ఉతికేది మిషన్లే లెండి, నేను లెక్క రాస్తాను. ఒక్కో విడత బట్టలు దిగగానే ఎక్సెల్ ఫైల్లో కొత్త షీటు చేర్చి, దానికి "విడత 1", "విడత 2" అని వరసగా పేరు పెట్టి, చిరిగినవెన్ని, మరక వదలనివెన్ని అని నింపాలి. రోజంతా షీట్లకు పురుడు పోసి పేర్లు పెట్టడమే నా ఉద్యోగం. మెడ పట్టేసి, కళ్లు మండుతూ ఇల్లు చేరేసరికి చీకటి పడిపోయేది.

మా అమ్మాయి సైకిల్ నేర్చుకుంటోంది. వెనక పట్టుకోవడానికి నేనే కావాలట. "ఈరోజైనా వెలుతురుండగా వస్తావా?" అని పొద్దున్నే గుమ్మంలో నిలదీసింది. వస్తానని మాటిచ్చాను.

ఆ ధైర్యం మా మరిది ఇచ్చిందే. నా అవస్థ చూడలేక నిన్న ఎక్సెల్లో ఆ పని దానంతటదే జరిగేలా ఒక మాక్రో రాసిపెట్టాడు. "బటన్ నొక్కు వదినా. షీటు అదే పుడుతుంది, తర్వాతి నంబరుతో పేరూ అదే పెట్టుకుంటుంది. మంత్రసానిలా నువ్వు చెయ్యి కూడా కడుక్కోనక్కర్లేదు" అన్నాడు.

నొక్కాను. నిజంగానే పుట్టింది. ఆ సంబరంలో సాయంత్రం దాకా రావలసిన విడతలన్నిటికీ ఒక్క ఊపులో షీట్లు పుట్టించేశాను. అన్నీ ఖాళీవే. బట్టలు దిగినప్పుడల్లా అంకెలు కొడితే చాలు, పెందలాడే ఇల్లు చేరొచ్చనుకున్నాను.

మా మేనేజరుకో అలవాటుంది. షీటు లోపలికి చూడడు. తెర అడుగున ఎన్ని పేర్లున్నాయో చూసి పని ఎంతయిందో తేల్చేస్తాడు. మధ్యాహ్నం అలాగే నా భుజం మీదుగా వంగాడు.

"అప్పుడే అయిపోయిందా! శభాష్ అమ్మా!"

"ఖాళీ షీట్లండీ. పేర్లు మాత్రమే పడ్డాయి."

"పేర్లు పడ్డాయంటే సగం అయినట్టేగా? రెండో షెడ్డు గుమాస్తా సెలవు పెట్టాడు. ఆ విడతలూ నువ్వే ఎక్కించెయ్. నీకు బటనుందిగా!"

కోపం తెచ్చుకోవడానికీ ఓపిక ఉండాలి కదా. ఆ షెడ్డు షీట్లు కూడా వాటంతటవే పుట్టాయి, పేర్లు పెట్టుకున్నాయి. అంకెలు మాత్రం నేనే కొట్టాను.

మా సందులోకి తిరిగేసరికి వీధిదీపాలు వెలిగాయి. అమ్మాయి ఒక్కతే సైకిల్ తొక్కుకుంటూ ఎదురొచ్చింది. వెనక ఎవరూ లేరు. పక్కింటి పిన్నిగారు సాయంత్రమంతా పట్టుకుని నేర్పారట. సంతోషించాల్సిందే, నాకు మాత్రం ఏడుపొచ్చింది.

"ఆగు, ఓసారి నేనూ పట్టుకుంటా" అన్నాను.

"వద్దమ్మా, వచ్చేసింది!" అంటూ నా చుట్టూ తిరిగింది. నా మొహం చూసి జాలేసినట్టుంది. "ఇంక నువ్వు పరిగెత్తుకు రానక్కర్లేదులే. నెమ్మదిగానే రా."