పెద్దకోడలి చీజ్

ఆ ఇంటి కింది భాగమంతా చీజ్ కొట్టు. వెనక పాల గది, దాని కింద నేలమాళిగ. మేడ మీద అన్నదమ్ములిద్దరి కాపురాలు. ఆదివారం వచ్చిందంటే కొట్టు ముందు గది కిటకిటలాడేది. చుట్టుపక్కల పల్లెల్లో చేసిన చీజులన్నీ అక్కడ రుచి చూడొచ్చు. కొండమీది మేకపాలతో చేసిన మెత్తటిది, నీలం చారలు పాకినది, పళ్ళ కింద పొడిపొడిగా విరిగేది. జనం ఓ ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవారు, ఇంకో ముక్క పక్కవాళ్ళ చేతిలో పెట్టి "ఇది తిని చూడండి" అనేవారు. అన్నిట్లోకీ గిరాకీ మాత్రం ఆ ఇంట్లోనే చేసే ఎర్రతొక్క చీజ్‌కి.

దాన్ని చేసేది పెద్దకోడలు. కాలం చేసిన అత్తగారు మంచాన పడకముందు దగ్గరుండి నేర్పిన పని. పాలు తోడుకున్నాక వేలితో నొక్కి చూడటం, గడ్డని కోసి అచ్చుల్లో నింపడం, నేలమాళిగలో దిమ్మలని తిరగేస్తూ ఉప్పునీటి గుడ్డతో తుడవడం, అన్నీ ఆవిడే. ఎన్నిసార్లు కడుక్కున్నా చేతులు పాలవాసనే కొట్టేవి. ముందు గదిలో ముక్కలు కోసి కబుర్లు చెప్పేది చిన్నకోడలు. ఆ అమ్మాయి నవ్వితే కొనకూడదనుకున్నవాళ్ళు కూడా కొనుక్కుపోయేవారు. తోడికోడళ్ళ మధ్య ఎప్పుడూ మాట తేడా రాలేదు.

ఆ ఏడు ఆ ప్రాంతపు చీజుల పోటీలో ఎర్రతొక్కకి మొదటి బహుమతి వచ్చింది. చేసినవాళ్ళు వేదిక మీదికి రావాలన్నారు. పెద్దకోడలికి జనం ముందు నిలబడటమంటే భయం. "నా వల్ల కాదమ్మా, నువ్వెళ్ళు" అని చిన్నకోడల్ని ముందుకు తోసింది.

చిన్నకోడలు మైకు పట్టుకుంది. "మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుని నేర్పారండీ. ఆవిడ పోయాక ఆ రుచి పోకూడదని తెల్లారకముందే లేచి పాల గదిలో కూర్చుంటాను" అంది. చప్పట్లు మోగిపోయాయి. వెనక వరసలో కూర్చున్న పెద్దకోడలు కూడా అలవాటుగా రెండు చేతులూ కలిపి, సగంలో ఆపేసింది.

ఇంటికొచ్చాక అడిగేసింది. "అత్తయ్య నీకెప్పుడు నేర్పారు?"

"అయ్యో అక్కా, అక్కడ నిలబడితే ఏదో ఒకటి చెప్పాలిగా! నువ్వే కదా నన్ను తోశావు?"

"నా పేరొక్కసారి చెబితే నీ నోరు అరిగిపోయేదా?"

పెద్దకోడలి మొగుడు, "ఇంటికేగా పేరొచ్చింది. దీనికింత రాద్ధాంతం ఎందుకు?" అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి బల్ల మీద పడేసి మేడెక్కింది. "రేపట్నుంచి నేర్చుకున్నవాళ్ళే చేసుకోండి" అంది.

తను లేకపోతే కొట్టు నాలుగు రోజుల్లో మూతపడుతుందని ఆవిడ నమ్మకం. తర్వాత చేసిన దిమ్మలు నిజంగానే పాడయ్యాయి. మెట్ల మీదికి ముక్కిన వాసన ఎగదన్నింది. ఆ వాసనకి ఆవిడ కడుపు చల్లబడింది, ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం చిన్నకోడలు ఓ పళ్ళెంలో చెడిపోయిన ముక్క పట్టుకుని మేడ మీదికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఎక్కడ తప్పు చేశానో చెప్పక్కా."

పెద్దకోడలికి చూడగానే తెలిసిపోయింది. ఉప్పునీళ్ళు పలచనయ్యాయి. ఒక్క మాట చాలు. అయినా ఆ మాట గొంతు దాటనివ్వలేదు. "నాకేం తెలుసమ్మా? అత్తయ్య నేర్పింది నీకేగా" అంది.

చిన్నకోడలు పళ్ళెం తీసుకుని మెట్లు దిగిపోయింది. మళ్ళీ ఏదీ అడగడానికి రాలేదు.

చెడగొట్టి చెడగొట్టి ఆ పిల్ల తనంతట తానే నేర్చుకుంది. మాటకారితనం పక్కన పెట్టి నేలమాళిగలో పడి ఉండేది. బతిమాలడానికి ఇవాళ వస్తారు, రేపు వస్తారు అని పెద్దకోడలు మెట్ల వైపు చెవి ఒగ్గి కూర్చుంది. ఎవరూ రాలేదు. ఆకులు రాలే కాలంలో ఓ ఆదివారం మొగుడు ఎర్రతొక్క ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. "తిని చూడు, అచ్చం నువ్వు చేసినట్టే ఉంది."

తప్పు పట్టాలనే నాలుక మీద పెట్టుకుంది. ఎక్కడా దొరకలేదు. వెన్నలా కరిగింది, చివర తన చీజ్‌లో ఉండే కాస్త కరుకు కూడా ఇందులో లేదు. "ఉప్పు తక్కువైంది" అంది.

"అవునా? నాకేం తెలీలేదే" అంటూ మిగతాది ఆయన తినేశాడు.

ఇంకెన్నాళ్ళు పైన కూర్చోవడం? మరుసటి ఆదివారం గుండె దిటవు చేసుకుని కిందికి దిగింది. పాల గది వైపు తిరగబోతుంటే చిన్నకోడలు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా! నువ్వొచ్చావా! పని అంతా అయిపోయింది, నువ్వెందుకు శ్రమపడటం? ఇలా కూర్చో" అని కిటికీ పక్క కుర్చీ లాగింది. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఇసుమంతైనా లేదు. ఉంటే బాగుండుననిపించింది పెద్దకోడలికి. పోట్లాడటానికైనా వీలుండేది.

చిన్నకోడలు అన్నిరకాల ముక్కలూ పేర్చిన చెక్క పలక తెచ్చి ముందు పెట్టి, పిలుస్తున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. చుట్టూ జనం తింటున్నారు, మెచ్చుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. పక్కబల్ల దగ్గరున్న ఎవరో ఒకాయన ఇటు వంగి, "మొదటిసారా అండీ? ఆ ఎర్రతొక్కది ఆఖర్న తినండి. ముందే తింటే మిగతావి చప్పగా ఉంటాయి. ఆ చిన్నావిడే చేస్తారట" అన్నాడు.

"అలాగేనండీ" అంది పెద్దకోడలు. మేకపాల ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.