నిన్నటి తేదీ

నేను ఒక రబ్బరు ముద్రను. నా ముఖం గుండ్రం, పిడి చెక్కది. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, కాగితం మీద పడ్డాక గానీ సరిగా కనబడవు. పాతూరు వీధిలో కరీం సాహెబు నన్ను వేడి అచ్చులో నొక్కి, అంచులు బ్లేడుతో చెక్కి, విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. నా నడుము మీద ‘డిప్యూటీ రిజిస్ట్రారు’ అని ఉంటుంది.

మొదటి యజమాని నన్ను బీరువాలో పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. రెండో ఆయన నన్ను అటెండరుకు వదిలేశాడు. ఆ అటెండరు మధ్యాహ్నం కునుకు పట్టక ముందు కనబడ్డ కాగితం మీదల్లా నన్ను గుద్దేవాడు. మనుషులు మనిషి మాట నమ్మరు, నన్ను నమ్ముతారు. నన్ను పట్టుకున్న చెయ్యి ఎవరిదో అడిగేవాళ్లు తక్కువ.

మూడో యజమాని తిప్పేస్వామి గారు. ఈయన నన్ను, ఊదారంగు ప్యాడును రోజూ సంచిలో ఇంటికి తీసుకుపోయేవారు. పొద్దున్నే ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలకు వరండాలో కూర్చుని నకళ్ల మీద సంతకం చేసి నన్ను వేసేవారు. అసలు కాగితం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పైకి చదవాల్సిందే. ఆలోపల ఆయన భార్య సుభద్రమ్మ గారు ఆ పిల్లలకు ఉప్మా పెట్టేవారు. సొంత కూతురి కాగితాల మీద మాత్రం ఎప్పుడూ నన్ను వెయ్యలేదు. “ఇంటి మనిషికి ఇంటి ముద్రేంది? పోయి ఇంకో ఆఫీసరు ముందర నిలబడు” అన్నారు. ఆ పిల్ల మూడు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.

ఆయన రిటైరైంది ఒక శనివారం. అప్పగింతల జాబితాలో ‘ముద్ర ఒకటి’ అని రాసి ఉంది. కొత్త ఆఫీసరు పూలదండల హడావుడిలో దేన్నీ చూడకుండా అన్నిటికీ ముట్టినట్టు సంతకం పెట్టేశాడు. నేను మాత్రం ఎప్పటిలాగే సంచిలో ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం, పొద్దున తొమ్మిది. హాస్టలు వంటమనిషి ఖాసీం కూతురు మాబున్ని పరుగున వచ్చింది.

“సార్, నర్సింగు బడి ఇంటర్వ్యూ రేపు ఎనిమిదికి. మార్కుల లిస్టు నిన్న సాయంత్రమే చేతికొచ్చింది. నకలు మీద ఆఫీసరు సంతకం లేకపోతే లోపలికే రానియ్యరంట. ఒంటిగంట బస్సు పోతే ఇంక బస్సు లేదు సార్.”

ఆయన అలవాటుగా ప్యాడు తెరిచారు. నన్ను అందుకున్నారు. సిరాలో అద్దారు. కాగితానికి బెత్తెడు ఎత్తున ఆ చెయ్యి ఆగిపోయింది. నన్ను అలాగే పట్టుకుని లోపలి గదిలోకి నడిచారు.

“నేను నిన్నటితో ఆఫీసరును కాను, సుభద్రా.”

“నిన్నటి తేదీ ఏసి గుద్దియ్యండి. ఎవురు చూస్తారు?” అన్నారు సుభద్రమ్మ గారు. “ముప్ఫై ఏండ్లు నిజమే రాసినారు కదా. ఆ పాప కోసం ఒక్కటి రాయండి.”

“అబద్ధం నా మీదుంటే నేనే మోద్దును. అది కూర్చునేది ఆ పాప కాగితం మీద. రేపెవుడన్నా పట్టుకుంటే పోయేది దాని సీటు.”

ఆయన వేళ్ల చెమట నా పిడికి తగిలింది. గోడ గడియారం తొమ్మిదింబావు చూపిస్తోంది. నన్ను సంచిలో పడేసి, చొక్కా వేసుకుని, స్కూటరు బయటికి తీసి, మాబున్నిని వెనక ఎక్కించుకుని, సంతకం పెట్టగల ఇంకో ఆఫీసరు కోసం బయల్దేరారు.

ఇంజనీరు ఊళ్లో లేడు. ప్రిన్సిపాలు పెళ్లికి పోయాడు. పశువుల డాక్టరు ఏడు మైళ్ల అవతల పల్లెలో ఉన్నాడని తెలిసి అటు తిప్పారు. డాక్టరు కొట్టంలో, భుజం దాకా చెయ్యి ఆవు కడుపులో పెట్టి ఉన్నాడు. దూడ అడ్డం తిరిగింది.

“డాక్టరు గారూ, ఒక్క సంతకం.”

“ఈ చేత్తోనా సార్? ఆదివారం నాకు గానీ ఆవుకు లేదు. రోంత సేపుండండి.”

పదకొండయింది. పదకొండున్నర. మాబున్ని గోడకు ఆనుకుని పెదవి కొరుక్కుంటూ నిలబడింది. తిప్పేస్వామి గారి చెయ్యి సంచిలోకి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నన్ను తాకి వెనక్కి పోయింది. నా ముఖం మీద సిరా ఇంకా తడిగానే ఉంది. ఒక్క దెబ్బ చాలు.

పన్నెండుకు దూడ బయటపడింది. డాక్టరు చేతులు కడుక్కుని, అసలు లిస్టు చదివి, సంతకం పెట్టి, తన ముద్ర వేశాడు. అరిగిపోయిన ముద్ర అది, అంచు కూడా సరిగా పడలేదు. నాకు అసూయ పుట్టింది, దాచుకోను. స్కూటరు బస్టాండు చేరేసరికి బస్సు కదులుతోంది. కండక్టరు చెయ్యిచ్చి మాబున్నిని పైకి లాగాడు.

సోమవారం ఆయన నన్ను ఆఫీసుకు తీసుకుపోతే కొత్త ఆఫీసరు తల గోక్కున్నాడు. “ముట్టినట్టు శనివారమే రాసిచ్చినాను గదా సార్. ఒకే ముద్రను రెండుసార్లు ఎట్ల తీసుకునేది?” కాగితం ప్రకారం నేను అప్పటికే అక్కడ ఉన్నాను. ఆయన ఇంటికొచ్చి, ఇంకెవరూ వాడకుండా నా నడుము మీద బ్లేడుతో అడ్డంగా గాటు పెట్టి, బల్ల మీద కాగితాలకు బరువుగా ఉంచుకున్నారు. కాలనీకి కుళాయి కావాలని, చదువుకునే గది కావాలని ఆయన రాసిన అర్జీలన్నీ ఇరవై మూడేళ్లు నా కింద నుంచే పోయాయి.

ఎనభై ఒకటో ఏట ఆయన పోయారు. ఆ చదువుకునే గదిలోనే సంతాపసభ పెట్టి, కళ్లజోడుతో పాటు నన్నూ బల్ల మీద ఉంచారు. ఒక్కొక్కరూ లేచి “నా కాగితం మీద సార్ ముద్ర వేశారు” అని చెప్పారు. చివర్న హెడ్ నర్సు మాబున్ని లేచింది.

“నాకు వెయ్యలేదు” అని, కొట్టంలో గడిపిన ఆ ఆదివారం సంగతి చెప్పి కూర్చుంది.

సుభద్రమ్మ గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. “నిన్నటి తేదీ ఎయ్యమనింది నేనే తల్లీ. ఆయన ఆ మాట ఎవురికీ చెప్పలేదు. నన్ను ఎప్పుడూ ఎత్తి పొడవలేదు.”

“నేను విన్నానమ్మా. వరండాకూ గదికీ నడుమ ఉండేది కర్టెనే కదా.”

సుభద్రమ్మ గారి తల వంగిపోయింది.

“నా కోసం మీ ఇంట్లో ఇద్దరు కొట్లాడుకుంటా ఉంటే విన్నాను” అంది మాబున్ని. “మా ఇంట్లో నన్ను నర్సింగుకు పంపనే వద్దన్నారు ఆ పొద్దు.”