ఎల్లరాయికి ఇవతల బండి

మా ఇలవేల్పుకు గుడి లేదు, గోడ లేదు. విళాత్తికుళం వైపు నల్లరేగడి బీడులో, సీమతుమ్మ పొదల నడుమ మూడు రాళ్ళు, వాటి ముందు ఒక శూలం. ఏడాదికోసారి, శివరాత్రి వచ్చే మాసి నెలలో వంశమంతా వెళ్ళి, మేకను కోసి, వండి, అక్కడే తినాలి. తినడంలో మా వంశానికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కష్టమల్లా తిన్నాకే. వండినదాంట్లో ఒక మెతుకు గానీ, ఒక ఎముక గానీ, చేతికంటిన పులుసు మరక గానీ సామి పొలిమేరకు పాతిన ఎల్లరాయి దాటి ఇంటికి రాకూడదు. మిగిలింది గుంట తీసి పూడ్చి, చేతులు కడుక్కుని, పొద్దు వాలకముందే వెళ్ళిపోవాలి. పొద్దు వాలాక అక్కడ మనుషులకు పని లేదని పెద్దల మాట. మరి ఎవరికి పని ఉందో పెద్దలు చెప్పలేదు. మేమూ అడగలేదు.

తొంభై ఎనిమిదిలో కూడా పూడ్చడం, కడగడం అన్నీ సవ్యంగానే అయ్యాయి. అందరం బండెక్కాం. మా అక్క చెల్లమ్మాళ్ కొడుకు జెయకుమార్ కొన్న పాత డీజిల్ పికప్పు అది. తోలేది వాడే. పక్కన వాడి భార్య ముత్తుసెల్వి, విరుదునగర్ పిల్ల. పెళ్ళయ్యాక ఇలవేల్పు దగ్గరికి రావడం ఆమెకు అదే మొదలు. వెనక తొట్టిలో మిగతా వంశం, అడుగున గిన్నెలు, గిన్నెల మీద నేను.

జెయకుమార్ తాళం తిప్పాడు. సెల్ఫు గిర్రుమని తిరిగింది. ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ గిర్రుమంది, అంతే. మేకను తిన్నవాళ్ళమంతా మేకుల్లా బిగుసుకుపోయాం. ఎల్లరాయి మాకు ఎదురుగా, నాలుగు బారల దూరంలో ఉంది.

బండి స్టార్టు కాలేదు గానీ రామచంద్రన్ బావ స్టార్టయ్యాడు. ఆయన జెయకుమార్‌కు పెదనాన్న, వంశానికి పూజారి. అక్కతో పాటు ఆ ఇంట చేరి పెరిగినవాణ్ణి గనక వాళ్ళ వంశమే నా వంశం. శూలం ముందు నిలబడితే ఆయన గొంతుకు మైకు అక్కరలేదు.

"ఎవురో ఏందో ఎత్తుకోనుండారు. ఇది సామి కుత్తం, అమ్మకు కోపమొచ్చుండాది. తీసినోళ్ళు మర్యాదగా దిగండి."

"పెద్దనాయినా, బ్యాటరీ బాగుండాది, సెల్ఫు తిరగతాండాది," అన్నాడు జెయకుమార్ కిందికి దూకుతూ. "డీజిలు ఏడనో నిలిచిపోయుండాది, అంతే. మామా, నువ్వు దిగు. నేను తిప్పతాను, పొగ వస్తాదేమో చూడు."

దిగి చూశాను. "పొగ లేదప్పా. పొగరైతే శానా ఉండాది," అన్నాను బావ వైపు చూసి.

మా వంశంలో నా మాటకు నవ్వేవాళ్ళు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆ సాయంత్రం ఒక్కరూ నవ్వలేదు. 

పొగ రాలేదంటే డీజిలు ఇంజను దాకా చేరడం లేదని వాడు తేల్చాడు. ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే సగం పైనే ఉంది. బానెట్టు ఎత్తి, ఇంజను ఆపే తీగ బిగుసుకుందేమో లాగి చూశాడు. బాగానే ఆడుతోంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి నన్ను దాని పక్కనున్న చిన్న చేతిపంపు కొట్టమన్నాడు. కొట్టాను. సందులోంచి డీజిలు రాలేదు, బుడగలు బుడగలుగా నురగ వచ్చింది.

"గాలి దూరిండాది మామా. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఏడనో పగిలుండాది."

మా వైపు గాలి రెండు రకాలు. గొట్టంలో దూరేది ఒకటి, మనిషిలో దూరేది ఒకటి. మేమిద్దరం మొదటిదానికి వైద్యం చేయడానికి బండి కిందికి దూరాం. రెండోదానికి బావ పైన మొదలుపెట్టాడు.

సంచులు విప్పడం వినబడింది. సోదా ముత్తుసెల్వి సంచితో మొదలై, ఆమె సంచితోనే ముగిసింది. మా అక్క కోడలి చీర మడతలు ఒక్కొక్కటీ దులిపింది.

"ఏమీ లేదు బావా," అంది అక్క.

"దొరకలేదంటే తియ్యలేదని అర్తమా? పిల్లా, నువ్వు దిగి సామి ముందర పోయి నిలబడు. నువ్వు దిగితే బండి కదలతాదేమో చూస్తాము."

"కదిలితే?" అని ముత్తుసెల్వి గొంతు.

"కదిలితే నీ దోవ నీది. ఇంగ మా ఇంటి గడప తొక్కగూడదు."

"నువ్వు దిగొద్దు, సెల్వీ," అని జెయకుమార్ బండి కిందనుంచి అరిచాడు. వాడి గుప్పిట్లో అప్పుడే గొట్టం దొరికింది. ట్యాంకు మొదట్లో, మెలిక తిరిగిన చోట, రబ్బరు ఎండి బీటలువారింది. సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. నురగ పోయి నిండు డీజిలు వచ్చేదాకా నేను పంపు కొట్టాను. వాడు పాక్కుంటూ బయటికొచ్చి, సీట్లోకి ఎగిరి, పక్కకు చూడకుండానే తాళం తిప్పాడు.

ఇంజను దగ్గింది, నల్లగా ఉమ్మింది, అందుకుంది.

నేను చప్పట్లు కొట్టబోయి చేతులు ఆపుకున్నాను. ఎవరి చూపూ బండి మీద లేదు. వెనక, మూడు రాళ్ళ ముందు, ముత్తుసెల్వి ఒక్కతే నిలబడి ఉంది.

"చూసిరా?" అన్నాడు బావ. గొంతు కూడా పెంచలేదు.

ఆమె తిన్నగా నడిచి వచ్చింది. తలుపు తీసుకుని తన చోట కూర్చుంది. ఇంజను ఆడుతూనే ఉంది.

"పెద్దమామా, నేనెక్కినాను. నిలిచిపోలేదే."

"ఆడే బండిని అమ్మ ఆపదు. ఆపి, మళ్ళా తియ్యమను. స్టార్టయితే నేనే నీ కాళ్ళు మొక్కతాను."

"ఆపేది లేదు," అన్నాడు జెయకుమార్. ట్యూబు ముక్క కట్టు ఎంతసేపు గాలిని ఆపుతుందో వాడికే తెలియదు. ఆ సంగతి ఆమెకు చెప్పేలోగా, ఆమె చెయ్యి చాచి ఇంజను ఆపే గుబ్బను బయటికి లాగేసింది.

ఇంజను ఆగిపోయింది.

జెయకుమార్ తాళం తిప్పాడు. గిర్రు. ఇంకోసారి. గిర్రు. సెల్ఫు గొంతు కూడా నీరసపడుతోంది.

తొట్టిలోంచి ఒక్కొక్కరే దిగారు. గిన్నెలు తీసుకోలేదు. అటు చూడకుండా ఎల్లరాయి దాటి, మట్టిదారి పట్టి నడవసాగారు. చివర్న మా అక్క దిగింది. కొడుకు దగ్గర ఒక్క నిమిషం నిలబడింది. "కుమారూ, నువ్వు దిగి రా," అంది. వాడు తల తిప్పలేదు. ఆమె కూడా వెళ్ళిపోయింది.

పొద్దు తుమ్మ ముళ్ళ దాకా దిగింది. శూలం నీడ పొడుగై బండి టైరును తాకుతోంది. నాకు మాటలతో ఆడడం తప్ప వేరే విద్య లేదు, ఆ వేళకు ఆ మాటలూ ఎండిపోయాయి. పంపు పట్టుకున్నాను. వాడు మళ్ళీ కిందికి దూరి, కట్టు విప్పి, బీట పడిన కొసను కత్తితో కోసేసి, మిగిలిన గొట్టాన్ని లాగి తొడిగి కట్టాడు. ముత్తుసెల్వి సీట్లోంచి కదల్లేదు. రాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది, కళ్ళు దించకుండా. నేనైతే అటు చూడలేకపోయాను.

ఈసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. చూడ్డానికి మేం ముగ్గురమే ఉన్నాం. నేను బానెట్టు మూసి ముత్తుసెల్వి పక్కన ఎక్కాను.

ఎల్లరాయి దాటి మలుపు తిరిగేసరికి వాళ్ళు కనబడ్డారు. బండి చప్పుడుకు ఆగి, చేలోకి చెదిరిపోయారు. మా బండిని ఏదో గాలి తోలుకొస్తున్నట్టు, ఆడవాళ్ళు పిల్లల మొహాలకు కొంగులు కప్పారు. రామచంద్రన్ బావ ఒక్కడే దారికి అడ్డంగా చెయ్యెత్తి నిలబడ్డాడు. జెయకుమార్ కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఆపొద్దు," అంది ముత్తుసెల్వి. "ఆపితే మళ్ళా స్టార్టు కాదు."

బండిని నిలిపినంత మాత్రాన ఇంజను ఆగదు. అది వాడికి తెలుసు, నాకు తెలుసు. ఆమెకు తెలియదని నేననుకోను. వాడు బావ పక్కనుంచి, చాళ్ళ మీదుగా, కుదుపుల్లో పోనిచ్చాడు. చేలో నిలబడ్డ మా అక్క కొడుకును పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపు దుమ్ములో మా వెంట కొంత దూరం వచ్చింది.

పెద్దరోడ్డు మీద ఎడమకు తిరిగితే కోవిల్‌పట్టి, ఇల్లు. కుడికి విరుదునగర్. నా ఇల్లూ కొట్టూ కోవిల్‌పట్టిలోనే ఉన్నాయి. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను.

వాడు ఆమె మొహం చూశాడు. బండిని కుడికి తిప్పాడు.

విరుదునగర్ దాకా ముగ్గురం ఇంజను చప్పుడునే వింటూ కూర్చున్నాం.